నడవలేని బబ్బెరకు జత

వెనక కాళ్లు సరిగా ఆడని గినీ పిగ్‌కు ఇంకో గినీ పిగ్‌ను తోడు తేవచ్చా అని మానుకోట నుంచి ఒక టీచరమ్మ ఫోన్ చేసి అడిగారు. తేవాల్సిందే అన్నాను. చుట్టుపక్కల వాళ్లంతా ఆమెకు వద్దనే చెప్పారట. కొత్తది వచ్చి దీన్ని తొక్కేస్తుందని ఒకరు, తిండంతా లాక్కుంటుందని ఇంకొకరు, ఎన్నాళ్లు బతికేదని దీనికి ఈ తిప్పలన్నీ అని మరొకరు. మొదటి రెండు భయాలూ నిజమైనవే, వాటికి ఉపాయాలున్నాయి. మూడో మాటను మాత్రం నేను ఒప్పుకోను. గినీ పిగ్ మామూలుగా ఐదు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతుంది. టీచరమ్మ దగ్గరున్న దాని పేరు బబ్బెర, దానికి మూడేళ్లు. ఇంకా సగం బతుకు మిగిలే ఉంది. ఆ సగాన్నీ గోడకేసి చూస్తూ ఒంటరిగా గడపమనడం న్యాయం కాదు.

పశుసంవర్ధక శాఖలో లైవ్‌స్టాక్ అసిస్టెంట్‌గా నా ఉద్యోగమంతా ఉమ్మడి వరంగల్ జిల్లాలోనే గడిచింది. జనగామ, మానుకోట, భూపాలపల్లి 2016లో వేర్వేరు జిల్లాలయ్యాయి. నాకు మాత్రం మూడూ బదిలీల మీద తిరిగిన ఊళ్లే. బర్రెలకు గాలికుంటు టీకాలు, గొర్రెలకు నట్టల మందు, కోళ్లకు కొక్కెర టీకా, ఇదీ మా పని. గినీ పిగ్‌ల సంగతి రిటైరయ్యాక, జనగామలో మా మనవరాలు రెండింటిని తెచ్చుకున్నప్పుడు నేర్చుకున్నాను. ఆ కబురు ఎలా పాకిందో, ఇప్పుడు ఎవరింట్లో వాటికి ఏమైనా నాకే ఫోన్ వస్తుంది.

బబ్బెర తెలుపు మీద నల్ల మచ్చలున్న ఆడ గినీ పిగ్. దానితో పెరిగిన జత చనిపోయింది. అప్పటి నుంచి తిండి తగ్గింది. కీరా ముక్క చూపిస్తే ఇల్లంతా వినపడేలా వీక్ వీక్‌మని అరిచేది అరవడం మానేసింది. కాళ్ల బాధ అంతకుముందు నుంచే ఉంది. ముందు కాళ్ల మీద ఒంటిని ముందుకు లాక్కుంటుంది, వెనక కాళ్లు కొంచెం ఆడతాయి కానీ బరువు మోయవు.

ఈ జంతువు పూర్వీకులు దక్షిణ అమెరికాలో, ఆండీస్ కొండల గడ్డి బయళ్లలో గుంపులుగా తిరిగినవి. పెరూ, బొలీవియా, ఈక్వెడార్ ప్రాంతాల జనం వేల ఏళ్ల కిందటే మచ్చిక చేసుకున్నారు. అక్కడ ఇప్పటికీ మాంసం కోసం ఇంట్లో పెంచుతారు. గద్ద నుంచి నక్క దాకా అన్నిటికీ ఎర కాబట్టి దాని ధైర్యమంతా పక్కనున్న తోటిదాని మీదే. ఒకటి మేస్తుంటే రెండోది మేస్తుంది. ఒకటి చెవి రిక్కిస్తే రెండోది నమలడం ఆపుతుంది. ఏదైనా గిన్నె కింద పడితే ఆరోగ్యంగా ఉన్నది పరుగెత్తి గూట్లో దూరుతుంది. కాళ్లు లేనిది దూరలేదు. అక్కడే బిగుసుకుపోయి కూర్చుంటుంది. పక్కన ఇంకోటి నింపాదిగా గడ్డి నములుతూ కనిపిస్తే దాని భయం దిగుతుంది. నడవలేని దానికి తోడు మరీ ఎక్కువ అవసరమని నేననేది ఇందుకే. స్విట్జర్లాండ్‌లో 2008 సెప్టెంబరు నుంచి గినీ పిగ్‌ను ఒంటరిగా పెంచడం చట్టం ప్రకారమే కుదరదు, కనీసం ఒక తోటి గినీ పిగ్ ఉండాలి. జతలో ఒకటి పోతే మిగిలిన దానికి తోడుగా ఇంకోదాన్ని అద్దెకు ఇచ్చేవాళ్లు కూడా అక్కడున్నారు. మన దగ్గర అలాంటి చట్టం లేదు. అయినా జంతువు అదే, దాని బెంగా అదే.

తోడు కంటే ముందు చూడాల్సింది ఒకటుంది. కాళ్లు ఎందుకు పడిపోయాయి?

గినీ పిగ్ ఒంట్లో సి విటమిన్ తయారు కాదు, మన ఒంట్లో లాగానే. కుక్కకు, బర్రెకు, కోడికి ఆ బాధ లేదు. తిండిలో అందకపోతే కొన్ని వారాల్లోనే కీళ్లు వాచి, నొప్పితో నడవడం మానేస్తుంది. ముట్టుకుంటే కీచుమంటుంది. 1907లో నార్వేలో ఆక్సెల్ హోల్స్ట్, థియోడర్ ఫ్రోలిక్ అనే ఇద్దరు గినీ పిగ్‌లకు ఒట్టి ధాన్యం పెట్టి పెంచితే వాటికి స్కర్వీ వచ్చింది. నావికులను చంపిన ఆ జబ్బు తిండిలోని లోటు వల్ల వస్తుందని ప్రయోగంలో తేలడానికి అదే దారి చూపింది. తర్వాత హంగరీలోని సెగెడ్ నగరంలో ఆల్బర్ట్ సెంట్ జ్యోర్జీ అక్కడి పాప్రికా మిరపకాయల నుంచి సి విటమిన్‌ను పెద్ద మొత్తంలో తీశారు. 1937లో ఆయనకు నోబెల్ వచ్చింది. మిర్చి బస్తాలతో నిండిపోయే మానుకోట, కేసముద్రం మార్కెట్ల పక్కనే ఉంటూ ఒక గినీ పిగ్‌కు సి విటమిన్ తక్కువ కావడం నాకు చాలా బాధనిపించింది. కారం మిర్చి పెట్టమని కాదు, అది పెట్టకూడదు. పెట్టాల్సింది కాప్సికం. దానితో పాటు కొత్తిమీర, అప్పుడప్పుడూ చిన్న జామ ముక్క. కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాముల దాకా కావాలి, జబ్బులో ఉన్నదానికి పై లెక్క. నీళ్లలో చుక్కలు కలిపితే ఆ మందు తొందరగా చెడిపోతుంది. సంచిలో వచ్చే గుళికల దాణాలో విటమిన్ ఉంటుంది కానీ, తయారై మూడు నెలలు దాటితే దాన్ని నమ్ముకోలేం. దుకాణంలో విడిగా తూచి ఇచ్చే దాణాకు తేదీ ఎవరు చెబుతారు?

బబ్బెరకు రెండు కష్టాలూ కలిశాయి. వరంగల్‌లో ఎక్స్‌రే తీయిస్తే నడుం దగ్గర వెన్నెముకకు పాత దెబ్బ కనిపించింది. ఎప్పుడో పిల్లల ఒళ్లోంచి జారిపడిందట. ఆ దెబ్బ మానింది కానీ కాళ్లకు పూర్తి పట్టు తిరిగి రాలేదు. దానికి తోడు కీళ్ల వాపు. కాప్సికం, డాక్టరు రాసిన సి విటమిన్, నొప్పి మందు మొదలుపెట్టాక ఒళ్లు ముట్టుకోనిచ్చింది, ఒంటిని ఈడ్చుకునే దూరం పెరిగింది. నడక మాత్రం రాలేదు, రాదు కూడా. నొప్పితో ఉన్న జంతువు ఎంత మంచి తోడునైనా కరుస్తుంది కాబట్టి నొప్పి తగ్గేదాకా జత మాట ఎత్తొద్దన్నాను. ఇక్కడే ఇంకో హెచ్చరిక. మందుల షాపులో అడిగి మనుషుల యాంటీబయాటిక్ ఏదో ఒకటి పోయకండి. పెన్సిలిన్, అమాక్సిసిలిన్ జాతి మందులు నోటి ద్వారా వేస్తే గినీ పిగ్ పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి, ప్రాణమే పోవచ్చు.

ఇక జత వెతకడం. కుందేలును పెట్టొచ్చు కదా అని టీచరమ్మ వాళ్ల అబ్బాయి అడిగాడు. కుందేళ్లు మన దగ్గర సులువుగా దొరుకుతాయి. కానీ కుందేలు వెనక కాలితో ఒక్కటి తన్నితే గినీ పిగ్ ఎముక విరుగుతుంది. పైగా బోర్డెటెల్లా అనే బ్యాక్టీరియాను కుందేలు ఏ జబ్బూ లేకుండా మోస్తూ తిరుగుతుంది, అదే గినీ పిగ్‌కు నిమోనియా తెచ్చి చంపుతుంది. వాటి తిండి వేరు, సైగలు వేరు. తోడంటే తన జాతిదే కావాలి.

హనుమకొండలో ఒక పెంపుడు జంతువుల దుకాణానికి వెళ్లాం. అన్నీ చిన్న పిల్లలే, ఒక్కటీ నిలకడగా లేదు. దుకాణం అబ్బాయి రెండింటిని చూపించి, రెండూ ఆడవే, నచ్చింది తీసుకోండి అన్నాడు. ఒకదాన్ని ఛాతీ కింద, పిర్రల కింద చేతులు పెట్టి ఎత్తి వెల్లకిలా చూశాను. ఆడదానికి అక్కడి చర్మం వై అక్షరంలా చీలి ఉంటుంది. పోతుకైతే మధ్యలో చుక్కలాంటి గుబ్బ, దాని పైన మెల్లగా ఒత్తితే లోపలి అంగం పుల్లలా వేలికి తగులుతుంది. అతను ఆడవన్న రెండింట్లో ఒకటి పోతు అని తేలింది. ఇది చూసుకోకుండా తెచ్చుకుంటే ఏమవుతుందో చెప్పాలి. పోతు మూడు వారాలకే తల్లి దగ్గర నుంచి వేరు చేయాల్సినంత తొందరగా ఎదుగుతుంది. ఆడది ఆరేడు నెలలు దాటే లోపు ఒక్కసారైనా ఈనకపోతే దాని కటి ఎముకల అతుకు బిగుసుకుపోతుంది, ఆ తర్వాత కడుపొస్తే పిల్ల బయటికి రాలేదు. కడుపు మోసేది రెండు నెలల పైనే. పిల్లలు బొచ్చుతో, తెరిచిన కళ్లతో, ఒక్కొక్కటి 60 నుంచి 100 గ్రాముల బరువుతో పుడతాయి. మూడేళ్లొచ్చి, ఎన్నడూ ఈనక, నడుం పడిపోయిన బబ్బెరకు పోతును జతచేస్తే దాన్ని చేజేతులా చంపినట్టే.

ఆ రెండో పిల్ల నిజంగా ఆడదే. అయినా వద్దన్నాను. పెద్ద గినీ పిగ్‌లు పిల్లల్ని తొందరగా ఒప్పుకుంటాయి, పిల్ల వస్తే ముసలిది హుషారవుతుంది అని చాలామంది చెబుతారు, అది అబద్ధం కాదు. కానీ పిల్ల ఎగురుతుంది, వీపు మీదకెక్కుతుంది, పాల కోసం పొట్ట కింద దూరుతుంది. కాళ్లున్నది లేచి పక్కకు వెళ్తుంది. బబ్బెర వెళ్లలేదు. ఇంకో సంగతి, బబ్బెర పోయిన రోజు ఆ పిల్లకు నిండు వయసులో ఒంటరితనం. నా లెక్కలో దీనికి కావాల్సింది దీని వయసుదే, నెమ్మదైనదే, తానూ జతను పోగొట్టుకున్నదే. అలాంటివి దుకాణాల్లో ఉండవు, ఇళ్లలో ఉంటాయి.

జనగామలో ఒక ఇంట్లో ఒంటరి పోతు ఉందని తెలిసి వెళ్లి చూశాను. ఎంత సాధువో! ఒళ్లో పెట్టుకుంటే నిద్రపోయింది. గుణం చూస్తే బబ్బెరకు సరిగ్గా సరిపోయేదే. కానీ దానికి వృషణాలు తీయించలేదు. ఆపరేషన్ అయినా నాలుగు నుంచి ఆరు వారాల దాకా అది కడుపు చేయగలదు. ఆ ఆలోచన అక్కడికి ఆపాం.

దొరికింది భూపాలపల్లిలో, సింగరేణి క్వార్టర్స్‌లో. కేటీకే బొగ్గు గనిలో పనిచేసే ఆయన ఇల్లు. కొడుకు ఇంటర్‌కని హైదరాబాద్ హాస్టల్‌కు పోయాడు, రెండింట్లో ఒకటి చచ్చిపోయింది, మిగిలింది ఒక నల్ల ఆడది. పేరు కుంకుడు.

"పట్టించుకునేటోళ్లు లేరన్నా దీన్ని. మంచింటికి పోతే పోనియ్యి. గది ఇంకోదాన్ని కరుస్తదా ఏందని నా భయం" అన్నది ఆ ఇల్లాలు.

కరుస్తుందో లేదో తెలుసుకోవడానికే బబ్బెర పడుకున్న గుడ్డ ముక్క ఒకటి సంచిలో పెట్టుకుని వెళ్లాను. కుంకుడు గూట్లో ఒక మూల వేసి, నేల మీద కూర్చుని చూస్తున్నాను. మెడ సాచింది, వెనక కాళ్లు అక్కడే ఉంచి ఒంటిని పొడుగ్గా లాగి వాసన చూసింది. పళ్లు టకటకలాడించలేదు, మెడ మీద బొచ్చు లేవలేదు. కాసేపటికి గడ్డి పోచ ఒకటి నోట పట్టుకొచ్చి ఆ గుడ్డ మీదే కూర్చుని నమిలింది. కొత్తిమీర కాడ చూపితే లాక్కోలేదు, నేను వదిలేదాకా ఆగి తీసుకుంది. నాకు నచ్చింది. తర్వాత ఒళ్లు చూశాను. ముక్కు పొడిగా ఉంది, ఊపిరిలో గరగర లేదు, చెవుల వెనక పేలు లేవు, బరువు 900 గ్రాముల పైనే. మూడేళ్లు దాటిందన్నారు. పాదాలు మాత్రం ఎర్రబడి ఉన్నాయి, ఇనుప జాలీ మీద పెంచడం వల్ల. అలాగే వదిలేస్తే పుండ్లవుతాయి. మెత్తటి నేల మీద ఉంటే సర్దుకుంటాయి.

భూపాలపల్లికి రైలు లేదు. మూతున్న ప్లాస్టిక్ బుట్టలో గడ్డి పరిచి, దాహానికి కీరా ముక్కలు వేసి, పొద్దున్నే బస్సెక్కి పరకాల మీదుగా హనుమకొండకు, అక్కడి నుంచి వరంగల్ స్టేషన్‌లో రైలెక్కి మానుకోటకు. సంక్రాంతి వెళ్లిన రోజులు కాబట్టి సరిపోయింది. ఎండాకాలమైతే ఆ ప్రయాణం పెట్టుకునేవాణ్ణే కాదు.

తెచ్చిన వెంటనే కలపకూడదు. కొత్తదాన్ని కనీసం రెండు వారాలు వేరే గదిలో పెట్టాలి. ముందు బబ్బెర పని చేసి, తర్వాతే కుంకుడు పని, చేతులు కడుక్కోవడం తప్పనిసరి. తుమ్ములు, దురద లేవని తేలాక ఇద్దరినీ ఒకే గదిలో మధ్య జాలీ పెట్టి పక్కపక్కన ఉంచమన్నాను. జాలీకి అటూ ఇటూ ఒకేచోట గడ్డి. పడక గుడ్డలు మార్చి మార్చి వేయడం. మామూలు గినీ పిగ్‌ల విషయంలో ఈ జాలీ రోజులను కుదించినా నష్టం లేదు. నడవలేని దానికి మాత్రం కొట్లాటలో పారిపోయే దారి లేదు కాబట్టి ఇక్కడ ఓపిక పట్టాలి.

కలిపే రోజు నేనూ వెళ్లాను. ఎవరి గూడూ కాని చోటు కావాలి, అందుకని వంటింటి నేల మీద కొత్త దుప్పటి పరిచాం. మధ్యలో పెద్ద గడ్డి కుప్ప. రెండు వైపులా తెరిచిన అట్టపెట్టెలు రెండు, ఒకే ద్వారం ఉంటే అందులో మూలకు చిక్కుతాయి. బబ్బెర పక్కకు ఒరగకుండా ఒక తువ్వాలు చుట్ట నడుముకు ఆనించాను. కుంకుడు వచ్చి వెనక వాసన చూసింది. నడుం ఊపుతూ గుర్రుమంటూ చుట్టూ తిరిగింది. టీచరమ్మ చెయ్యి పెట్టబోతే ఆగమన్నాను. పెద్దరికం ఎవరిదో తేల్చుకునే తతంగం అది. గుర్రుమనడం, వెంటపడటం, ఒకసారి మీదకెక్కడం ఇవన్నీ మామూలే. పళ్లు గట్టిగా టకటకలాడించి, తల పైకెత్తి, బొచ్చు నిక్కబొడుచుకుని ఎదురెదురు నిలబడితే మధ్యలో అట్ట అడ్డం పెట్టాలి. చేతులు పెడితే ఎముక దాకా కరుస్తాయి. రక్తం వస్తే ఆ రోజుకు ఆపేయాలి.

కుంకుడు వీపు మీదకెక్కడానికి ఒకసారి కాలు లేపింది. బబ్బెర తల తిప్పి పళ్లు ఆడించింది, గట్టిగా. కాళ్లు లేకపోయినా ఆ మాట చెప్పగలిగింది. కుంకుడు కాలు దించి, పోయి గడ్డిలో తల పెట్టింది. ఆ తర్వాత బబ్బెర తనే ముందు కాళ్లతో ఒంటిని లాక్కుంటూ గడ్డికి ఇటువైపు చేరింది. ఎదురెదురుగా మేశాయి. టీచరమ్మ కళ్లనీళ్లు పెట్టుకున్నారు, నాకూ గొంతు పట్టేసింది.

జత కుదిరాక గూడు మొత్తం బబ్బెర కోసం మార్చారు. ఒకటే అంతస్తు, మెట్లూ వంతెనలూ లేవు. ఇద్దరికీ కనీసం ఎనిమిది చదరపు అడుగుల నేల. కింద తడి పీల్చే తువ్వాళ్లు, పైన చలి దుప్పట్ల దుకాణాల్లో దొరికే ఫ్లీస్ గుడ్డ. సీసా మూతికి మెడెత్తలేదు కాబట్టి బరువైన తక్కువ ఎత్తు మట్టి మూకుడులో నీళ్లు. గడ్డి, కూర రెండు చోట్ల పెట్టాలి, లేకపోతే కాళ్లున్నది ముందు తినేస్తుంది. తిండిలో ముఖ్యం ఎండుగడ్డే. పళ్లు జీవితాంతం పెరుగుతుంటాయి, నమిలితేనే అరుగుతాయి. బయటి నుంచి తెప్పించే టిమోతీ గడ్డి ఖరీదెక్కువ. కడిగి నీడన ఆరబెట్టిన గరిక మంచిదే, రోడ్డు పక్కదీ పురుగుమందు పడ్డదీ కాకపోతే. భూపాలపల్లి వైపు బొగ్గు లారీల దుమ్ము పడిన గడ్డి మాత్రం అసలు వద్దు. లేత పచ్చజొన్నలో విషం ఉంటుందని పశువులున్న రైతులకు తెలుసు, దీనికీ అదే వర్తిస్తుంది. ఉల్లి, వెల్లుల్లి, ఆలుగడ్డ పెట్టకూడదు.

జత వచ్చినంత మాత్రాన మనిషి పని తగ్గదు. గినీ పిగ్ తన మెత్తటి పెంటికల్ని కొన్నింటిని తిరిగి తింటుంది, అందులోని పోషకాల కోసం. నడుం వంగని బబ్బెర వాటిని అందుకోలేదు, అవి అక్కడే గట్టిపడతాయి. రోజూ సాయంత్రం గోరువెచ్చటి నీళ్లతో వెనకభాగం తుడిచి ఆరబెట్టాలి, లేకపోతే ఉచ్చకు చర్మం పొక్కుతుంది. గోళ్లు అరగవు కాబట్టి కత్తిరించాలి. వారానికోసారి వంటింటి త్రాసు మీద ఇద్దరినీ విడివిడిగా తూచి రాసుకోవాలి. గిన్నె ఖాళీ అవుతుంటే ఇద్దరూ తింటున్నారనుకుంటాం, ఒకటి మానేసినా తెలియదు. ఒక పూట తినకపోయినా పట్టించుకోవాలి, ఒక రోజు తినకపోతే పేగులు ఆగిపోయే ప్రమాదం. మామునూరు పశువైద్య కళాశాల, రాజేంద్రనగర్ కళాశాల ఎటు దగ్గరైతే అటు వెంటనే కదలాలి.

ఏప్రిల్ వచ్చేసరికి అసలు పరీక్ష. 27, 28 డిగ్రీలు దాటితేనే గినీ పిగ్‌కు ఉక్క. మన దగ్గర 42 దాటుతుంది. చల్లదనం ఎక్కడుందో అక్కడికి కాళ్లున్నది జరుగుతుంది, బబ్బెర జరగలేదు. అందుకే తడిపిన షాబాదు బండ ముక్కను దాని పక్కనే పెట్టారు, కరెంటు పోతే తడిగుడ్డ చుట్టిన ఐసు సీసా. కూలర్ గాలి నేరుగా తగలకుండా గోడకు కొట్టేలా తిప్పారు. ఎండ ముదిరిన మధ్యాహ్నాల్లో కుంకుడు దూరంగా పడుకుంటుంది, సాయంత్రం మళ్లీ దాని దగ్గరికొస్తుంది. బబ్బెర బరువు పెరిగింది. అరుపు తిరిగొచ్చింది. ఫ్రిజ్ తలుపు చప్పుడు వినగానే ముందు కుంకుడు, దాని వెంట బబ్బెర వీక్ వీక్‌మంటాయని టీచరమ్మ ఫోన్‌లో వినిపించారు.

జనగామ పోతు ఇంకా ఒంటరిగానే ఉంది. ఎండలు తగ్గాక హైదరాబాద్‌లో దానికి ఆపరేషన్ చేయించడానికి ఇంటివాళ్లు ఒప్పుకున్నారు. ఆ తర్వాత ఆరు వారాలు ఆగాలి. ఈలోగా దాని వయసుకు దగ్గరగా, జత పోయిన ఆడ గినీ పిగ్ ఎవరింట్లో ఉందా అని వాకబు చేస్తున్నాను. నడవలేనిదైనా పర్వాలేదు, ఆ పోతు అంత సాధువు.